అమ్మ విత్తనాలు, మా పడకగది

మా గూడేనికి ఏడాదిలో రెండు విడతలు దోమల మందు కొట్టేవాళ్ళు వస్తారు. ముందురోజే ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోతుంది. వండుకున్నవి, నీళ్ళ బిందెలు, బట్టలు, గోడలకు ఆనించినవి అన్నీ బయట పెట్టుకోవాలి. గోడకు మందు పట్టాలంటే ముందు గోడ కనపడాలి కదా. అందుకని ఆ రోజు ప్రతి ఇంటి సామానూ వాకిట్లోకి వస్తుంది. ఎవరింట్లో ఎన్ని దుప్పట్లున్నాయో, ఎవరింట్లో ఎన్ని చినిగిన సంచులున్నాయో ఊరందరికీ తెలిసిపోయే రోజు అది.

2023 ఎండాకాలంలో వాళ్ళు వచ్చిన రోజున మా పడకగది సామాను బయటికి తేవటానికి మాకు పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. మందు కొట్టే తమ్ముడు రెండుసార్లు వచ్చి చూసి, "అన్నా, వదినా, ఇంకా కాలేదా? మీ ఇల్లు ఆఖరికి పెట్టుకుంటం" అని నవ్వి పోయాడు. గది పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది. అందులోంచి వచ్చినవి ఇవి: బీరువా, బాక్స్ మంచం, రెండు ట్రంకు పెట్టెలు, పాడైపోయిన టేబుల్ ఫ్యాను, మూడు సంచుల పాత బట్టలు, పెళ్ళిళ్ళలో పెట్టిన స్టీలు సామాను అట్టపెట్టెలతో సహా, పిల్లదాని చిన్నప్పటి సైకిలు, పనిచేయని ఫోన్లు నాలుగు, ఎరువుల సంచిలో కట్టిన బొంతలు. వాకిలంతా పరిస్తే సంతలో కొట్టు పెట్టినట్టుంది. ఇన్నిటి మధ్య మేం ఎట్లా నిద్రపోతున్నామో మాకే అర్థం కాలేదు.

చివరికి బాక్స్ మంచం పైచెక్కలు ఎత్తి లోపలివి తీశాం. అడుగున ప్లాస్టిక్ కవర్లలో అమ్మ విత్తనాలున్నాయి. కవరు పైకి తీయగానే పిండి రాలింది. అలసందలన్నీ పుచ్చిపోయి, గింజకు రెండు మూడు రంధ్రాలు పడి ఉన్నాయి. పచ్చజొన్నలో ముక్కుపురుగు కుప్పలుగా పాకుతోంది. చిక్కుడు గింజల కవరుకు లోపల చెమట పట్టి, గింజలు బూజెక్కాయి.

అమ్మ అరుగు మీద కూర్చుని చేట అడిగింది. మేం తెచ్చిచ్చాం. ఆ మధ్యాహ్నమంతా చెరుగుతూ, ఏరుతూ కూర్చుంది. సాయంత్రానికి పిడికెడు అలసందలు మంచివి తేలాయి. జొన్నలో ఒక్క గింజ కూడా పనికిరాలేదు. అప్పుడు ఒక్క మాటే అడిగింది: "బూడిద ఎవరు తీసిన్రు?"

తీసింది మేమే. ఎందుకు తీశామో చెప్పాలంటే మా పాత ఇంటి గురించి చెప్పాలి.

మేం కోయలం. మా గూడెం దుమ్ముగూడెం మండలంలో గోదావరికి దగ్గర్లో ఉంది. మాది మేనరికం. అమ్మ మాలో ఒకరికి కన్నతల్లి, ఒకరికి మేనత్త. ఇద్దరం అమ్మ అనే పిలుస్తాం. పక్కా ఇల్లు వచ్చి మేం అందులోకి మారినా, అమ్మ మాత్రం పెరటివైపు ఉన్న పాత తాటాకు ఇంట్లోనే ఉండిపోయింది. మూడు పూటలా తిండికి ఇటు వచ్చేది, పడకకు అటు పోయేది. ఎందుకమ్మా అంటే, "నా సామాను అక్కడున్నది" అనేది. ఏం సామానుందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇంట్లో ఎంత సామానుండేదో! ఉన్నట్టు కనపడేది కాదంతే. వెదురు తడికెల గోడలకు మట్టి మెత్తి అలికిన ఒకటే గది. నడుమ పొయ్యి, పొయ్యి మీదుగా వెదుర్లు పరిచిన అటక. అటక మీద గంపలు, విప్పపువ్వు బుట్ట, రాత్రికి పరుచుకునే ఈతచాపలు, బొంతలు. అటకకు వేలాడుతూ సొరబుర్రల్లో విత్తనాలు. జొన్న కంకులు కొన్ని దూయకుండా అట్లాగే కట్టలు కట్టి వాసానికి వేలాడేవి. మూలన పేడమట్టితో మెత్తిన వెదురు గాదె. కూరలకు ఉట్టి. బట్టలకు రెండు తాళ్ళతో వేలాడగట్టిన దండెం. కొడవలి, బాణాలు, గొడ్డలి చూరులో దోపి ఉండేవి. పిల్లల చేతికి అందకూడనివన్నీ చూరులోనే.

పగలు ఆ ఇంట్లో నేలమీద ఏమీ ఉండేది కాదు. చాపలు చుట్టి అటకెక్కించేవాళ్ళు, నులకమంచం గోడకు నిలబెట్టేవాళ్ళు. పగలంతా అది పనిచేసుకునే గది. చీకటి పడ్డాక చాప దింపితే పడకగది. రోజూ దింపాలి, రోజూ ఎత్తాలి కాబట్టి చాప కింద పురుగు చేరేది కాదు, నేల రోజూ ఊడ్చేవాళ్ళు. ఒక్క వస్తువుకూ తాళం లేదు. చీకట్లో చెయ్యి చాపినా ఏది ఎక్కడుందో దొరికేది.

మాకు అటువంటి ఇంటి అలవాటు పోయింది బడిలో. మేమిద్దరం ఆశ్రమ పాఠశాలల్లో చదివాం. ఐదో తరగతిలో చేరేటప్పుడు ఇద్దరికీ తలా ఒక ట్రంకు పెట్టె కొన్నారు. మూతమీద తెల్లరంగుతో పేరు, తరగతి. లోపల రెండు జతల బట్టలు, సబ్బు, పళ్ళెం, గ్లాసు. తాళంచెవి మొలతాడుకో మెడలో తాడుకో కట్టుకునేవాళ్ళం. ఆ హాల్లో ఒకరి పక్కన ఒకరుగా యాభై మందిమి పడుకునేవాళ్ళం. ఆ పెట్టె ఒక్కటే మాది. పెట్టెలో పెట్టి తాళం వేస్తేనే వస్తువు ఉంటుంది, లేకుంటే పోతుంది అని అక్కడే నేర్చుకున్నాం. ఆ తర్వాత ఉద్యోగాలొచ్చి, పెళ్ళి చేసుకుని, వాయిదాల మీద బీరువా కొన్న రోజున మాకు కలిగిన సంతోషం కూడా ఆ ట్రంకు పెట్టె సంతోషమే. కాకపోతే పెట్టె పెద్దదయింది.

పక్కా ఇంటికి గోడలున్నాయి, స్లాబు ఉంది. సామానుకు చోటు మాత్రం ఎవరూ ఆలోచించలేదు, కట్టినవాళ్ళూ ఆలోచించలేదు, మేమూ అడగలేదు. స్లాబుకు చూరు ఉండదు, కాబట్టి కొడవలి ఎక్కడ పెట్టాలో తెలియక తలుపు వెనక పెట్టాం. గోడలో ఒక గూడు వదిలి, దానికి రెండు కడప బండలు అరలుగా వేశారు. అవి నిండిపోగానే మిగిలినవన్నీ నేలమీదికి వచ్చాయి. నేలమీదివి మంచం కిందికి పోయాయి. మంచం కింద ఏముందో ఆరు నెలల్లో మర్చిపోయాం. పాత ఇంట్లో ఏది పెట్టాలన్నా పైకెత్తి పెట్టేవాళ్ళు. మేం ఏది పెట్టినా కిందికి తోసేవాళ్ళం. ఆ తేడా ఎంతటిదో 2022లో తెలిసింది.

ఆ ఏడు జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాం. ఊరు ఖాళీ చెయ్యమన్నారు. మేం బీరువా చుట్టూ తిరుగుతున్నాం. అది కదలదు, లోపల ఏది తీయాలో తెలియదు. అమ్మ మాత్రం పాత ఇంట్లోకి పోయి, నిచ్చెన వేసుకుని, ఐదు సొరబుర్రలు దింపి గంపలో పెట్టుకుని వచ్చి ట్రాక్టరెక్కింది. ఆమె సర్దుకోవటానికి పట్టింది బీడీ కాల్చేంతసేపు.

తిరిగొచ్చేసరికి మా గదిలో నడుం లోతున నీళ్ళు నిలిచి తీసిన గుర్తు గోడమీద ఉంది. బీరువా కింది అర నిండా బురద. అక్కడే, చీరల కింద, ఫైలులో మా అటవీ హక్కుల పట్టా ఉంది. 2006 చట్టం ప్రకారం అది భార్యాభర్తలిద్దరి పేరుతోనూ వస్తుంది. మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసిన కాయితం మాకు అదొక్కటే. పెళ్ళిపత్రిక కూడా వేయించుకోలేదు మేం. ఆ భూమి మా పిల్లలకు వస్తుంది గానీ అమ్ముకోవటానికి లేదు. అటువంటి కాయితాన్ని భద్రంగా ఉంటుందని బీరువాలో అన్నిటికంటే కింద పెట్టాం. సిరా కారిపోయి, ఒక పేరు సగమే మిగిలింది. దానికి నకలు కోసం ఎన్నిసార్లు తిరిగామో ఆ సంగతి ఇక్కడ వద్దు.

అమ్మ మట్టి ఇల్లు మాత్రం నీళ్ళలో నానిపోయి కూలింది. తడికెలు మిగిలాయి, మట్టి పోయింది. ఆ ఏడు పంటా చేతికి రాలేదు. కాబట్టి ఆ ఐదు బుర్రల్లో ఉన్నదే మరుసటి ఏటికి విత్తనం. అమ్మ బుర్రలతో సహా మా ఇంట్లోకి వచ్చింది.

మేం పాపం అనుకోలేదు, సంతోషమే అనుకున్నాం. అమ్మకు మా పడకగది ఇద్దామనుకున్నాం. ఆమె వద్దు, ముందుగదిలో పడుకుంటానంది. సరే, సామానన్నా గదిలో సర్దుదామని, వరదలో ఉబ్బిపోయిన పాత మంచం పారేసి, కింద అరలున్న బాక్స్ మంచం వాయిదాల మీద తెచ్చాం. ఇక అన్నీ లోపలే పెట్టొచ్చు, గది నీటుగా ఉంటుంది అని ఆ కొట్టు అతను చెప్పాడు. ఫోన్లో కూడా అట్లాంటి గదులే చూస్తున్నాం అప్పట్లో. తెల్లటి దుప్పటి, ఖాళీ గోడ, ఎక్కడా ఒక్క సంచి కనపడదు.

సొరబుర్రలు గుండ్రంగా ఉంటాయి, బాక్స్ మంచంలో పట్టవు. అందుకని విత్తనాలు బయటికి తీశాం. తీస్తే బూడిద. గింజలన్నిటికీ బూడిద పట్టి ఉంది. కొత్త మంచం పాడవుతుందని చక్కగా చెరిగి, జల్లెడ పట్టి, బూడిద పారబోసి, గింజల్ని కవర్లలో పోసి ముడి వేశాం. ఖాళీ బుర్రల్ని కడిగి, ఎండబెట్టి, వార్నిష్ పూసి మంచం తలవైపు గోడకు వరసగా వేలాడదీశాం. ఇంటికొచ్చిన స్నేహితులు ఫోటోలు తీసుకున్నారు. గదికి మన ఆదివాసీ కళ వచ్చింది అన్నారు. మేం కూడా అట్లాగే అనుకున్నాం. గోడమీద ఖాళీ బుర్రలు, వాటి కిందే మంచం పెట్టెలో గాలాడక చస్తున్న విత్తనాలు. ఎనిమిది నెలలు ఆ మంచం మీదే పడుకున్నాం.

71 అడుగుల గోదావరిని తప్పించుకున్న విత్తనం మా గదిలో చచ్చిపోయింది.

ఎందుకు చచ్చిపోయిందో తర్వాత అమ్మ విడమరిచి చెప్పింది. అలసందకు పురుగు ఇంట్లో పుట్టదు, చేలోనే గుడ్డు పెట్టి గింజతోపాటు ఇంటికొస్తుంది. బూడిద కలిపితే గింజకూ గింజకూ మధ్య సందు ఉండదు, పురుగు తిరగలేదు, దాని ఒంట్లో తడి ఆరిపోతుంది. పొయ్యి మీదుగా వేలాడదీస్తే పొగ తగిలి, వెచ్చదనానికి గింజ ఆరి ఉంటుంది. పైగా వేపాకో వావిలాకో వేసేవాళ్ళు. మేం చేసిందేమిటంటే బూడిద తీసేశాం, పొగ లేకుండా చేశాం, గాలి ఆడని కవర్లో కట్టి, వరద తడి ఇంకా ఆరని గచ్చుకు ఆనుకుని ఉండే పెట్టెలో పెట్టి మూశాం. పురుగుకు ఇంతకంటే మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారు!

ఆ తర్వాత పదిహేను రోజులకే విత్తనాల పండగ వచ్చింది. మా మాటలో విజ్జ పండుం. మిరుగు కార్తెకు ముందు ఇంటింటి నుంచీ విత్తనం తీసుకుపోయి భూమితల్లి ముందు పెట్టి మొక్కి, ఆ తర్వాతే చేలో వేస్తాం. అమ్మ మా ఊళ్ళో విత్తనం ఇచ్చే మనిషి. ఎవరికి తక్కువైనా అమ్మ దగ్గరికే వస్తారు. ఆ ఏడు ఆమె మోదుగాకు దొన్నెలో పిడికెడు అలసందలు పట్టుకుపోయింది. జొన్న లేదు. ఎవరూ ఏమీ అనలేదు. పూజ అయ్యాక, చర్ల నుంచి వచ్చిన మా పెద్దమ్మ తన కొంగులోంచి పచ్చజొన్న తీసి అమ్మ ఒళ్ళో పోసింది. "ఇది నువ్విచ్చిందేనే. మా పెద్దోడి పెళ్ళప్పుడు తెచ్చుకున్న" అంది. అమ్మ ఏడవటం మేం చూడటం అదే మొదటిసారి. మేమిద్దరం తల ఎత్తలేకపోయాం.

ఇంటికొచ్చాక, గది మళ్ళీ సర్దాలని అనుకున్నాం. ఈసారి అమ్మను అడిగి సర్దాం.

అంతకుముందు మందు కొట్టిన రోజు రాత్రే ఒక సంగతి జరిగింది. సామానంతా లోపలికి తెచ్చే ఓపిక లేక, వానా లేదు కదా అని వాకిట్లోనే పట్టా కప్పి వదిలేశాం. ఖాళీ గదిలో చాప పరుచుకుని, దోమతెర కట్టుకుని పడుకున్నాం. మాట్లాడితే గది మార్మోగింది. కిటికీలోంచి గాలి ఈ గోడ నుంచి ఆ గోడదాకా వచ్చింది. మనసు బాగాలేని రోజే అయినా, ఆ ఇంట్లోకి వచ్చాక అంత గాఢంగా ఎప్పుడూ నిద్రపోలేదు. కాబట్టి సర్దటం మొదలుపెట్టినప్పుడు మేం అనుకున్నది ఇదే: ఈ గదిలోకి ఏం తేవాలి అని కాదు, ఆ రాత్రి ఉన్నట్టు ఉండాలంటే ఏం తేకుండా ఉండాలి అని.

అమ్మ అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చూపించమంది. ప్రతిదానికీ మూడు ప్రశ్నలు అడిగింది. "ఇది నిదరకు పనికొస్తదా? ఏడాదిలో ఎన్నిసార్లు తీస్తరు? దీనికి పొగ కావాల్నా, గాలి కావాల్నా, ఊరికె నీడ చాల్నా?" మొదటిదానికి అవును అని చెప్పగలిగినవి చాలా తక్కువ. మంచం, దుప్పట్లు, దోమతెర, కట్టుకునే బట్టలు, మంచినీళ్ళ చెంబు, టార్చిలైటు. అంతే.

ఏడాదికి ఒకసారి కూడా తీయనివి ఇచ్చేశాం. స్టీలు సామాను అట్టపెట్టెలతో సహా మా మరదలి పెళ్ళికి పోయింది. సైకిలు పక్కింటి పిల్లాడికి. పాత చీరలన్నీ అమ్మ తీసుకుని, వానాకాలమంతా కుట్టి మూడు బొంతలు చేసింది. ఫోన్లు, ఫ్యాను పాతసామానులవాడికి వేశాం.

బాక్స్ మంచాన్ని మండలంలో వడ్రంగి దగ్గరికి తీసుకుపోయి, చుట్టూ ఉన్న చెక్కలు విప్పించి, కింద నాలుగు కోళ్ళు పెట్టించాం. ఇప్పుడు మంచం కింద జానెడున్నర ఎత్తు ఖాళీ. చీపురు ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. తేలు, పాము తిరిగే చోట మంచం కింద ఏమీ ఉండకూడదు, వెలుగు పడాలి. ఈ మాట మా తాతలకు తెలుసు, మేం ఫోన్లో గదులు చూసి మర్చిపోయాం. ఆ గదులు మన్యంలోవి కావు.

విప్పిన చెక్కల్ని పారెయ్యలేదు. తలుపుకు ఎదురు గోడ వైపు, తల తగలని ఎత్తులో, ఈ గోడ నుంచి ఆ గోడకు రెండు దుంగలు వేయించి, వాటిమీద వెదురు తడికె, దానిమీద ఆ చెక్కలు పరిచాం. అదే మా అటక. ఏడాదికి రెండు మూడుసార్లే తీసేవన్నీ, అంటే చలికాలం బొంతలు, పండగ బట్టలు, అక్కడ పెట్టాం. కాయితాలు కూడా అక్కడే. ఆశ్రమ పాఠశాల ట్రంకు పెట్టె ఒకటి ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని కడిగి, అడుగున వేపాకు వేసి, పట్టా నకలు, కుల ధ్రువపత్రాలు, పిల్లదాని మార్కుల కాయితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి అందులో వేశాం. జిరాక్సులు ఒక జత పెద్దమ్మ ఇంట్లో ఉన్నాయి. మళ్ళీ గోదావరి వస్తే నిచ్చెన వేసి ఆ పెట్టె ఒక్కటి దింపితే చాలు. పెట్టెకు తాళం వేయటం మాత్రం మానేశాం. కంగారులో తాళంచెవి వెతుక్కునే పని ఉండకూడదు.

బీరువా ఉంది. దాన్ని గోడకు బెత్తెడు దూరం జరిపి, కింద నాలుగు ఇటుకలు పెట్టాం. వెనక తడి చేరదు, చెదలు పడితే కనపడతాయి. రోజూ కట్టుకునే బట్టలు బీరువాలోంచి బయటికి వచ్చాయి. వాటికి దండెం కట్టాం. లావుపాటి వెదురు ఒకటి కోసి, నునుపు చేసి, అటక దుంగకు రెండు తాళ్ళతో వేలాడగట్టాం. దానిమీద పట్టినన్ని బట్టలే రోజూవారీవి. పట్టకపోతే ఎక్కువున్నట్టు లెక్క. వానాకాలం కూడా బట్టలకు ముక్కవాసన రావటం లేదు.

దోమతెరకు నాలుగు మూలలా కొక్కేలు కొట్టించాం. ఇంతకుముందు ఒక తాడు కిటికీకి, ఒకటి బీరువా పిడికి, ఒకటి మేకుకు కట్టేవాళ్ళం. సగం రాత్రుళ్ళు బద్ధకించి కట్టేవాళ్ళం కాదు. మా ఇద్దరికీ, పిల్లదానికీ మలేరియా వచ్చినవే. ఏజెన్సీలో పడకగదికి ముందుగా కావాల్సిన సామాను దోమతెర, దాన్ని కట్టుకునే నాలుగు కొక్కేలు. పగలు ముడి వేసి పైకి వదిలితే గదికి అడ్డం ఉండదు. గోడలకు కొంచెం నీలిమందు కలిపిన సున్నం వేశాం. ఇంకో మాట, సున్నం వేయాలన్నా, అలకాలన్నా మందు కొట్టేవాళ్ళు రాకముందే వెయ్యాలి. మందు మీద సున్నం వేస్తే ఆ మందు వృథా.

ఇక విత్తనాలు. వాటికి మా పడకగదిలో చోటు లేదని అమ్మే తేల్చేసింది. "దీనికి పొగ కావాలె, పొగ మీకు పడదు" అంది. నిజమే. పొగ మంచిదని మేం అనటం లేదు. మూసిన ఇంట్లో ఏళ్ళ తరబడి పొగ పీల్చి అమ్మ కళ్ళు ఎట్లా అయ్యాయో, ఆమె దగ్గు ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. మాకు వంట గ్యాసు మీదే. అందుకని కూలిన పాత ఇంటి తడికెలు, దుంగలు వాడి పెరట్లో చిన్న పాక వేశాం. మూడు వైపులా నడుం ఎత్తు గోడ, ఒకవైపు ఖాళీ. పొగ నిలవదు, పైకి పోతుంది. అందులో కట్టెలపొయ్యి, దానిమీదుగా అటక. స్నానానికి నీళ్ళు అక్కడే కాగుతాయి. గోడమీది సొరబుర్రలు దింపి, వార్నిష్ గీకేసి, బూడిద కలిపిన గింజలు పోసి, మూతికి పేడ మెత్తి అక్కడ వేలాడదీసింది అమ్మ. వార్నిష్ పూర్తిగా పోలేదు, అక్కడక్కడా ఇంకా మెరుస్తుంది. ఎవరైనా అడిగితే అమ్మ ఏమీ చెప్పదు, మావైపు చూస్తుంది.

మా పడకగది గోడలమీద ఇప్పుడు ఏమీ లేదు. ఇంటికొచ్చినవాళ్ళు "బుర్రలేవి? బావుండేవి కదా" అంటారు. పాకలో ఉన్నాయి, పనిలో ఉన్నాయి అని చెప్తాం.

ఒక్క విషయంలో మేం ఓడిపోయాం. అమ్మ పాకలోనే పడుకుంటుంది. చలికాలం కూడా. గది ఖాళీగా, చల్లగా, నీటుగా ఉంది, వచ్చి మంచం మీద పడుకో అని ఎంత బతిమాలినా రాదు. "ఇత్తనం కాడ మనిషి ఉండాలె" అంటుంది. నులకమంచం, ఒక దోమతెర అక్కడ కట్టాం. వానలు గట్టిగా పడ్డ రాత్రుళ్ళు మాకు నిద్ర పట్టక లేచి చూస్తే, బుర్రల కింద అమ్మ హాయిగా నిద్రపోతూ ఉంటుంది. ఆమె పడకగది అదే. మేం గది ఇవ్వాలనుకున్నాం గానీ, ఆమె గదిని మేమే గోడకు తగిలించి పెట్టుకున్నామని అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాతి విడత మందు కొట్టే తమ్ముడు వచ్చేసరికి గది సామాను వాకిట్లో సిద్ధంగా ఉంది. లోపలి నుంచి తేవటానికి పావుగంట పట్టింది. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే అన్నాం.

పచ్చజొన్న మళ్ళీ పండింది. పిడికెడు అలసందలు రెండేళ్ళలో బుర్రెడయ్యాయి. చిక్కుడు మాత్రం దొరకలేదు. నల్లగా, గింజ అంచున తెల్లటి గీతతో ఉండేది. అమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. చర్లలో అడిగాం, వెంకటాపురం వైపు చుట్టాల్ని అడిగాం, సంతల్లో చూశాం. అటువంటిదే అని తెచ్చినవాళ్ళున్నారు, అమ్మ చేతిలో వేసుకుని చూసి, ఇది కాదు అంది.

పాక అటకకు ఐదు బుర్రలు వేలాడుతుంటాయి. నాలుగింటికి మూతులు మెత్తి ఉంటాయి. ఐదోది ఖాళీ. అడ్డమని దాన్ని తీయబోతే అమ్మ తీయనివ్వలేదు. మీ ఇళ్ళల్లో ఎక్కడైనా ఆ చిక్కుడు ఉంటే, పది గింజలిచ్చినా చాలు.